ప్రేమించినవారి సాక్ష్యం

సంతాప తీర్మానానికి మన దేశంలో ఒక స్థిరమైన భాష ఏర్పడింది. కార్యాలయమైనా, గ్రంథాలయమైనా, పురపాలక సంఘమైనా ఆ భాష ఒక్కటే. పేరు, హోదా, సేవాకాలం మారుతాయి. తక్కిన వాక్యాలు మారవు. గతించినవారు స్నేహశీలి, మృదుభాషి, ఆదర్శ కుటుంబీకులు, పదిమందికి తలలో నాలుకవంటివారు. వారి మరణం తీరని లోటు. సభ్యులు రెండు నిమిషాలు లేచి నిలబడి మౌనం పాటిస్తారు. తీర్మానం ప్రతిని కుటుంబానికి పంపుతారు. ఆ మరుసటి వారమే తీరని లోటును తీర్చే దస్త్రం ఒక బల్ల నుంచి మరొక బల్లకు కదలడం మొదలవుతుంది.

ఇందులో కపటం ఉన్నదని చెప్పలేము. దుఃఖం తాజాగా ఉన్నప్పుడు మనిషికి సొంత మాటలు దొరకవు. అరువు మాటలే ఆసరా అవుతాయి. చనిపోయినవారిని నిందించరాదన్న లోకమర్యాద కూడా అర్థం లేనిది కాదు, ఎందుకంటే బదులు చెప్పుకోలేని వ్యక్తిని తూలనాడడం పిరికితనం. కాని ఈ మర్యాద వెంట ఒక నష్టం నడిచి వస్తుంది. పది తీర్మానాలను పక్కపక్కన పెట్టి చదివితే పదిమంది మనుషులు కనిపించరు, ఒకే మనిషి పదిసార్లు కనిపిస్తాడు. నలభై ఏళ్లు ఒక ఇంటిని నిలిపి, ఒక వీధికి పెద్దగా మెలగి, తనవైన అలవాట్లతో, తనవైన లోపాలతో బతికిన మనిషి ఆ పొగడ్తల కింద మాయమవుతాడు. అప్పుడొక ప్రశ్న తలెత్తుతుంది. ప్రేమించిన మనిషిని స్మరించేవారు ఆయనకు చెల్లించవలసిన ఋణం ప్రశంసా, సత్యమా? రెండూ ఒకటే అయిన అదృష్టవంతులు కొద్దిమంది ఉంటారు. వారి మాట అటుంచితే, ఈ ప్రశ్న ఆప్తుణ్ణి పోగొట్టుకొన్న ప్రతి ఇంటికీ చెందినదే.

మన సంప్రదాయం ఈ ప్రశ్నను ఒక విధంగా తప్పించింది. శ్రాద్ధకర్మలో తండ్రి, తాత, ముత్తాత, ఈ మూడు తరాలవారినీ పేరు, గోత్రం చెప్పి, వసు రుద్ర ఆదిత్య రూపులుగా భావించి పిండప్రదానం చేస్తారు. నాలుగో తరం వచ్చేసరికి ముత్తాత తండ్రి ఆ వరుస నుంచి తప్పుకొంటాడు. మనిషి పేరు బతికి ఉండే కాలానికి ఇంత స్పష్టమైన హద్దు గీసిన సంస్కృతులు అరుదు. అంతకంటే గమనించదగిన విషయం మరొకటి ఉంది. ఆ కర్మ తండ్రి గుణగణాలను అడగదు. చల్లని తండ్రికీ, ఇంటిల్లిపాదినీ ఏడిపించిన తండ్రికీ అవే నువ్వులు, అవే నీళ్లు. ఇది న్యాయం కాదు, బాధ్యత. కొడుకు తీర్పు చెప్పడానికి కూర్చోలేదు, ఋణం తీర్చడానికి కూర్చున్నాడు.

శాసనాలదీ దాదాపు ఇదే ధోరణి. ఆంధ్రదేశపు ఆలయాల్లో అఖండదీపానికి గొర్రెలనో ఆవులనో ఇచ్చినవారు, భూమిని ధారపోసినవారు, తమ తల్లిదండ్రులకు పుణ్యంగా ఆ దానం చేస్తున్నామని చెక్కించిన సందర్భాలు కోకొల్లలు. ఆ తల్లి ఎటువంటిదో, ఆ తండ్రి పిల్లలతో ఎలా మాట్లాడేవాడో రాయి చెప్పదు. ఊరి పశువుల కోసం పోరాడి మరణించినవానికి నిలిపిన వీరగల్లు కూడా అతని చివరి గడియనే చూపిస్తుంది. దానికి ముందరి ముప్పై ఏళ్ల సంసారం దానికి పట్టదు. చరిత్ర చదువుకొన్నవారికి ఈ లోటు బాగా తెలుసు. ఘటనకు ఆధారం దొరుకుతుంది, అలవాటుకు దొరకదు. మంచి కుటుంబీకుని మంచితనమంతా అలవాటులోనే ఉంటుంది. ప్రతిరోజూ వేళకు ఇంటికి రావడం, ఎవరి పిల్లవాడికో ఫీజు కట్టి ఆ మాట మరచిపోవడం వంటివి ఏ దస్తావేజులోకీ ఎక్కవు. వాటికి సాక్షులు ఇంట్లోవారే. ఆ సాక్షులు నోరు విప్పితే ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి మరాఠీలో 1910లో వెలువడిన ఒక పుస్తకం ఉత్తమమైన ఉదాహరణ. అది రమాబాయి రానడే తన భర్త మహాదేవ గోవింద రానడేను స్మరిస్తూ రాసిన జ్ఞాపకాల గ్రంథం.

రానడే (1842–1901) పేరు తెలుగు పాఠకులకు కొత్తది కాదు. న్యాయమూర్తిగా, ఆర్థికవేత్తగా, మరాఠాల అభ్యుదయాన్ని గురించి రాసిన చరిత్రకారునిగా, గోపాలకృష్ణ గోఖలేకు గురువుగా ఆయనను తలచుకొంటారు. 1887లో ప్రారంభమైన జాతీయ సాంఘిక మహాసభకు ఆయనే ప్రాణం. రాజమహేంద్రవరంలో 1881 డిసెంబరు 11న తొలి వితంతు వివాహం జరిపించిన కందుకూరి వీరేశలింగం పంతులు 1898లో మద్రాసులో ఆ మహాసభకు అధ్యక్షత వహించారు. పుణేలో రానడే, గోదావరి తీరాన పంతులు చేసినది ఒకే పని. ఒకరి కష్టం మరొకరికి చెప్పకుండానే అర్థమై ఉంటుంది.

అటువంటి రానడే జీవితంలో 1873 ఒక ముల్లువంటి సంవత్సరం. ఆ ఏడు ఆయన మొదటి భార్య మరణించారు. ఆయనకు అప్పటికి ముప్పై ఒక్క ఏళ్లు. వితంతు వివాహాలను బాహాటంగా సమర్థిస్తున్నవాడు కనుక, మళ్లీ పెళ్లి చేసుకొంటే ఒక వితంతువునే చేసుకొంటాడని మిత్రులు ఆశించారు, తండ్రి భయపడ్డారు. తండ్రి పట్టుదల నెగ్గింది. కొద్ది రోజుల్లోనే పదకొండేళ్ల కన్యతో రానడే వివాహం జరిగింది. ఆ కన్యే రమాబాయి. సంస్కర్తలు సిగ్గుపడ్డారు, సనాతనులు నవ్వుకొన్నారు. ఈ నింద ఆయనను జీవితాంతం విడిచిపెట్టలేదు.

రానడే జీవితచరిత్ర రాసేవారికి ఈ ఘట్టం ఇబ్బందికరం. పితృభక్తి అని సమర్థించి దాటవచ్చు, బలహీనత అని ఖండించి దాటవచ్చు. రమాబాయికి ఈ రెండు దారులూ లేవు, ఎందుకంటే ఆ బలహీనత ఫలితమే ఆమె జీవితం. ఆయన తండ్రికి లొంగకపోయి ఉంటే ఆమె ఆ ఇంట అడుగుపెట్టేవారు కారు. అయినా ఆమె ఆ సంగతి దాచలేదు. ఆయన ఇష్టం లేకుండానే ఈ పెళ్లికి తలవంచారనీ, ఆ రోజు ఆయన మనసు ఎంత కుమిలిపోయిందో ఆమె స్వయంగా చెప్పారు. తనను కోరి చేసుకోలేదన్న మాట ఒక భార్య, భర్త కీర్తికి అంకితమైన పుస్తకంలో, తన చేతులతో రాయడం సామాన్యమైన విషయం కాదు. ఆ వెంటనే ఆమె చదువు సంగతి వస్తుంది. అత్తవారింటికి వచ్చిన తొలి రాత్రులలోనే ఆయన ఆమెను కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించడం మొదలుపెట్టారు. తాను సరిదిద్దలేకపోయిన తప్పుకు ఆయన ఎంచుకొన్న ప్రాయశ్చిత్తం అదేనేమో. ఆమె మాత్రం అలా వ్యాఖ్యానించరు. పలక, అక్షరం, రాత్రి వేళ, అంతే చెప్పి ఊరుకొంటారు.

ఈ సంయమనమే ఆ పుస్తకానికి బలం. ఇంట్లో ఆడబడుచులు, పెద్ద ముత్తైదువలు చాలామంది ఉండేవారు. కోడలు పుస్తకం పట్టుకోవడం, ఆపైన ఇంగ్లీషు నేర్వడం వారికి కంటకమైంది. ఎత్తిపొడుపులు, వెలివేతలు, మాట్లాడకపోవడాలు, ఉమ్మడి కుటుంబం ఎరిగినవారికి వివరించనక్కరలేని హింస అది. 1882లో పండిత రమాబాయి పుణేకు వచ్చి స్త్రీలను కూడగట్టినప్పుడు రానడే భార్య కూడా ఆ సమావేశాలకు వెళ్లారు. ఆ రోజులలో ఇంట్లో ఆమె పడిన మాటలకు లెక్కలేదు. మరి బయట ఇన్ని సభల్లో స్త్రీవిద్యను గురించి మాట్లాడిన రానడే ఇంట్లో ఏం చేశారు? ఆడవారి తగవులో బాహాటంగా కలుగజేసుకోలేదు. సహించమని ఆమెకు చెప్పారు. పెద్దవారికి ఎదురు చెప్పవద్దన్నారు. చదువు మాననివ్వలేదు, వారిని మందలించనూ లేదు. ఆమె ఏ రాత్రి ఏడ్చారో, ఆయన ఓదార్పు మాటలు ఏ మేరకు పనిచేశాయో గ్రంథంలో చదవగలము.

ఇక్కడ పాఠకుడు రెండుగా చీలిపోతాడు. అంతటి న్యాయమూర్తి తన ఇంటి న్యాయం చెప్పలేకపోయాడే అనిపిస్తుంది. ఆశ్రయించి ఉన్న బంధువులను ఇంటి నుంచి గెంటి భార్యను కాపాడుకొనే కాలం కాదు కదా అని కూడా అనిపిస్తుంది. రమాబాయి ఏ పక్షమూ వహించకుండా రెండు భావాలకూ చోటిచ్చారు. ఫిర్యాదుకూ సాక్ష్యానికీ భేదం ఇక్కడే ఉన్నది. ఫిర్యాదు చేసేవారు తీర్పు కోరుతారు. సాక్షి జరిగినదాన్ని జరిగిన వరుసలో చెప్పి బోను దిగిపోతారు. ప్రేమ సాక్షిని అనర్హురాలిని చేస్తుందని న్యాయశాస్త్రం అనుమానించవచ్చు. ఇంటి విషయంలో మాత్రం ప్రేమించని సాక్షికి చూడవలసినంత దగ్గరగా నిలబడే అవకాశమే ఉండదు.

1890లో పుణేలోని పంచ్‌హౌద్ మిషన్‌లో కొందరు పెద్దమనుషులు టీ తాగిన ఉదంతం మరొక పరీక్ష. క్రైస్తవుల ఇంట టీ పుచ్చుకొన్నందుకు వారి పేర్లు పత్రికకెక్కాయి; వివాదం పీఠాధిపతి దాకా వెళ్లింది. రానడే, బాలగంగాధర తిలక్ ఇద్దరూ ఆ జాబితాలో ఉన్నారు. వెలి భయంతో మిత్రుల కుటుంబాలు కష్టాలపాలైనప్పుడు, 1892లో రానడే వారితోపాటు ప్రాయశ్చిత్తం చేసుకొన్నారు. తప్పు చేశానని నమ్మి చేసుకొన్నది కాదు; తాను ఒంటరిగా నిలబడితే తక్కినవారు మునిగిపోతారని చేసుకొన్నది. సంస్కరణవాదులకు ఇది పెద్ద దెబ్బ. రమాబాయికి కూడా ఇది మింగుడు పడలేదు; తనకు కలిగిన బాధను ఆమె రాసిపెట్టారు, ఆయన చెప్పుకొన్న కారణాన్నీ రాసిపెట్టారు. ఒక మనిషిలోని మెత్తదనం ఆయన సుగుణమో, దుర్గుణమో తేల్చడం ఎంత కష్టమో ఈ ఘట్టం చెబుతుంది. తండ్రి ఎదుట 1873లో తలవంచినదీ, ఆడబడుచుల ఎదుట మాట పెగలనిదీ, మిత్రుల కోసం 1892లో అవమానం భరించినదీ అదే స్వభావం. ఆ స్వభావమే ఆయనను పదిమందికి ఆప్తుణ్ణి చేసింది. ఇందులో మెచ్చుకోవలసిన ముక్కను కోసి పటం కట్టి, తక్కినదాన్ని పారవేస్తే మిగిలేది రానడే కాదు.

పెద్ద విషయాలే కాదు, పుస్తకంలో చిన్నవీ ఉన్నాయి. మేలైన మామిడిపండు కోసి పెడితే ఒకటి రెండు ముక్కలతో చాలించడం, నాలుకను రుచికి బానిస చేయరాదన్న ఆయన పట్టుదల వంటి ముచ్చట్లు చదువుతుంటే శిలావిగ్రహం కదిలి భోజనానికి కూర్చున్నట్టు ఉంటుంది. గోఖలే ఆ పుస్తకానికి పీఠిక రాశారు. ఆయనకు గురువు తెలుసు. అయినా ఈ రానడేను చూసే అవకాశం ఆయనకు ఎంతవరకు కలిగి ఉంటుంది?

ఇంత చెప్పిన గ్రంథంలో ఆమె భర్త పేరు పలకడానికి సంకోచించారు. పేరు పెట్టి పిలవని ఆచారం మరాఠీ ఇళ్లదే కాదు, తెలుగు ఇళ్లదీ. ‘ఆయన’, ‘మావారు’, ‘మా ఇంటాయన’ అన్న మాటలలో ఎంత మర్యాద, ఎంత దగ్గరితనం, అక్కడక్కడ ఎంత నిష్ఠూరం దాగి ఉంటుందో వినేవారికి తెలుసు. 1938లో ఆ గ్రంథాన్ని ఇంగ్లీషులోకి తెచ్చిన అమెరికన్ అనువాదకురాలు దానికి ‘హిమ్‌సెల్ఫ్’ అని పేరు పెట్టడం ఈ కారణం చేతనే. పేరు పలకని నోరు ఇంత నిజం పలకగలిగింది. నిజం చెప్పడానికి మర్యాద విడిచిపెట్టనక్కరలేదని దీన్ని బట్టి గ్రహించవచ్చు. నేటి జ్ఞాపకాల రచనలలో నిర్మొహమాటం పేరిట పరువు తీయడమే చిత్తశుద్ధిగా చెలామణి అవుతున్న వేళ ఈ మాట కొంచెం గట్టిగానే చెప్పవలసి ఉంది.

తండ్రి విషయంలో ఇటువంటి సాక్ష్యం ఇచ్చిన కుమారుడు గాంధీజీ. 1925లో ధారావాహికగా మొదలైన తన ఆత్మకథలో ఆయన తండ్రి కరమ్‌చంద్ గాంధీని సత్యసంధుడిగా, ధైర్యవంతుడిగా, ఉదారుడిగా, తన వారి పట్ల మమకారం గలవాడిగా చిత్రించారు. ముక్కోపి అన్నారు. నలభై దాటాక నాలుగో పెళ్లి చేసుకొన్న తండ్రికి విషయాసక్తి కొంత ఉండి ఉండవచ్చునని కూడా అన్నారు. పోర్‌బందర్, రాజకోట సంస్థానాలలో దివాన్‌గిరీ చేసిన పెద్దమనిషిని గురించి కొడుకు ఇంత మాట అనవచ్చునా అని ముఖం చిట్లించినవారు ఆనాడే కాదు, ఈనాడూ ఉన్నారు. అయితే తండ్రి మంచాన ఉన్న రోజులలో ఆ కొడుకు చేసిన సేవ, చివరి గడియలో పక్కన లేనందుకు పడిన పశ్చాత్తాపం అదే గ్రంథంలో ఉన్నాయి. తండ్రిని కొలిచిన కొలబద్దతోనే, ఇంకా కఠినంగా, ఆయన తనను కొలుచుకొన్నారు. ఇతరుల లోపం చెప్పే అర్హత ఎక్కడ నుంచి వస్తుందన్న ప్రశ్నకు ఇంతకంటే మంచి సమాధానం కనిపించదు.

రానడేను ఇంటివారు స్మరించిన తీరు ఇది. సమాజం ఎలా స్మరించింది? సాంఘిక విషయాలలో ఆయనతో ఏళ్ల తరబడి తలపడిన తిలక్, ఆయన మరణించినప్పుడు కేసరిలో ఉదాత్తమైన నివాళి రాశారు. విరోధి ఇచ్చిన నివాళికి ఒక విలువ ఉంది. అందులో మర్యాద కోసం పెంచిన మాట తక్కువ. 1943 జనవరిలో రానడే జయంతి సందర్భంగా పుణేలో డాక్టర్ అంబేద్కర్ చేసిన ఉపన్యాసం మరింత ప్రసిద్ధం. రానడే గొప్పతనాన్ని నిండు మనసుతో అంగీకరించిన ఆ ఉపన్యాసంలోనే, వీరపూజ బుద్ధిని చంపే ప్రమాదం ఉన్నదని ఆయన హెచ్చరించారు. గౌరవించడం వేరు, ఆలోచనను అప్పగించడం వేరు అన్నది ఆయన వాదం. జయంతి సభలో జయంతి సభల స్వభావాన్ని ప్రశ్నించగల సాహసం ఆయనకే చెల్లింది. పూలమాల వేసి, పదవుల వరుస చదివి, తేనీరు సేవించి చెదిరిపోయే సభలకు అలవాటు పడినవారు ఆ ఉపన్యాసాన్ని ఏడాదికొకసారి చదువుకోవడం మంచిది.

అయినా అంబేద్కర్ మాట్లాడినది మహాపురుషుని గురించి. సామాన్యుడైన కుటుంబీకునికి వీరపూజ ప్రమాదం లేదు. ఆయనకు ఉన్న ప్రమాదం మరపు. ఆయనను గురించి ఎవరూ ఉపన్యసించరు. ఇంటి గోడ మీద పటం, సంవత్సరానికొక తిథి, ఊళ్లో ‘ఫలానావారి ఇల్లు’ అన్న గుర్తు, ఇవి రెండు తరాలపాటు నిలుస్తాయి. కనుక ఆయన ఎలా ఉండేవాడన్నది భార్యో, కూతురో, పక్కింటివారో చెప్పే నాలుగు ముచ్చట్ల మీదనే ఆధారపడుతుంది. ఆ నాలుగు కూడా తీర్మానపు భాషలోనే ఉంటే, ఆయన తిథి మాత్రమే మిగులుతుంది. కోపిష్ఠి అయినా అన్నం ముందు కోపపడేవాడు కాడని, అప్పు ఇచ్చి అడగలేక తిప్పలు పడేవాడని, పెద్ద కూతురిని చదివించనందుకు చివరిదాకా ఆ కూతురి ఎదుట తల దించుకొనేవాడని చెబితే, మనుమడికి ఒక మనిషి దక్కుతాడు. తప్పు తెలిసినందువల్ల మనుమడి గౌరవం తగ్గుతుందన్న భయం అనవసరం. తప్పు లేని తాతను చూసి ఏ మనుమడూ ఏమీ నేర్చుకోలేడు.

రమాబాయి సాక్ష్యం సంపూర్ణమని కాదు. ప్రేమకు తన చీకటి తనకు ఉంటుంది. పదకొండేళ్ల పిల్లకు ఆ పెళ్లి ఎలా అనిపించిందో ఆ పుస్తకంలో ఉండవలసినంత లేదు. ఆయన కుమిలిపోయిన సంగతి ఉన్నంత వివరంగా ఆమె సంగతి లేదు. తన పేరిట రాసుకొన్న చోట కూడా కథానాయకుడు ఆయనే. చరిత్రకారుడు ఆమె చెప్పినదానితోపాటు చెప్పకుండా వదిలినదాన్నీ చదవవలసి ఉంటుంది. భర్త మరణానంతరం ఆమె పుణేలో 1909లో స్థాపితమైన సేవాసదనానికి జీవితాన్ని అంకితం చేశారు, 1924లో మరణించేదాకా స్త్రీవిద్యకు పాటుపడ్డారు. ఆమె శతజయంతికి 1962లో తపాలాశాఖ బిళ్ళ విడుదల చేసింది.

తెలుగునాట ఈ కథకు జంట ఉన్నది, అది వేరే చోట ఆగిపోయింది. వీరేశలింగం పంతులు తొలి వితంతు వివాహం జరిపించిన రోజులలో వంటవారు, నీళ్లవారు ఇల్లు విడిచిపోయారు. ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గోదావరి నుంచి స్వయంగా నీళ్లు మోసుకొని వచ్చి అందరికీ వండి పెట్టారు. ఈ సంగతి మనకు తెలిసినది ఆయన స్వీయచరిత్ర వల్ల. ఆమె 1910లో మరణించారు. పుణేలో రమాబాయి గ్రంథం వెలువడిన సంవత్సరం అదే. ఊరు ఊరంతా తలుపులు మూసుకొన్న ఆ రోజులలో, బిందె భుజాన ఎత్తుకొని రేవు మెట్లు ఎక్కుతున్నప్పుడు, తన భర్తను గురించి రాజ్యలక్ష్మమ్మ ఏమనుకొన్నారో ఏ పుస్తకంలోనూ లేదు.